అడిగి పోసిన నీళ్లు

భోజనానికి లేపుదామని నాయన వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా పొడిగా ఉంది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, కరెంటు లేదు. నాకే జాకెట్టు ఒంటికి అతుక్కుపోయి ఉంటే ఆయనకు చెమట చుక్క లేదు. ఒళ్లు మాత్రం పెనంలా కాలుతోంది. వడదెబ్బ అని అప్పుడే తెలిసిపోయింది.

అనంతపురంలో కాలాలను మేము కుళాయిని బట్టి గుర్తుపట్టేవాళ్లం. రోజు మార్చి రోజు నీళ్లొస్తే చలికాలం. నాలుగు రోజులకొకసారి వస్తే శివరాత్రి దాటినట్టు. వారమైనా రాకపోతే నడి వేసవి. ఆ తర్వాత గాలికాలం. మబ్బులు వస్తాయి, గాలి వాటిని తోసుకుపోతుంది, కిటికీల్లో దుమ్ము మిగులుతుంది. అది వరుసగా మూడో కరువు ఏడు. బిందెలు ఖాళీ అవుతాయేమోనన్న భయం నన్ను నిద్రలోనూ వదిలేది కాదు.

మా వైపు ఇంటికి మనిషి వస్తే పలకరింపుకన్నా ముందు చెంబుతో నీళ్లు చేతికిస్తారు. కావాలా అని అడగరు. అడిగితే ఎవరైనా మొహమాటానికి వద్దనే అంటారు. అది తెలిసీ, ఆ వేసవిలో నా పిల్లలకు వేరే నేర్పాను.

"అడిగి పోయండి. ఊరికే ఇస్తే సగం తాగి సగం పారబోస్తారు."

ఆ రోజు నాయన మా ఊరు కుందుర్పిలో బస్సెక్కి, ఇక్కడి బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చాడు. వంటింట్లో వరసగా ఉన్న బిందెలు చూసి నవ్వాడు.

"ఏమ్మా, బంతిలో కూర్చోబెట్టినట్టు పెట్టినావే! వడ్డన ఎప్పుడు?"

ఏడేళ్ల నా కూతురు నేను చెప్పినట్టే అడిగింది. "తాతా, నీళ్లు కావల్నా?"

"వద్దులే పాపా, బస్టాండులో తాగొచ్చినా."

నేను విన్నాను. పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఒక చెంబు మిగిలిందనుకున్నాను. కాసేపు నడుం వాల్చి తింటానని ఆయన నడవలో పడుకున్నాడు.

ఆస్పత్రికి పోయే ఆటోలో ఆయన తల మీద తడిగుడ్డ అదిమిపట్టి అడిగాను. "నాయనా, బస్టాండులో తాగినా అంటివి గదా?"

"ఆడ కుళాయి యాడ వస్తాండాది లేమ్మా." నాలుక మడతపడుతోంది. "నీ బిందెలు చూసినా. పిల్లోళ్లకు ఉండనీలే అనుకుంటి."

తర్వాత మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వాన అన్నాడు, విత్తనం అన్నాడు. పొద్దుగూకేలోపల పోయాడు.

మరునాడు పొద్దున, ఊరికి బయలుదేరే ముందు చూస్తే, నా కూతురు బిందెల పక్కన ముడుచుకుని కూర్చుని ఉంది.

"నేను అడిగినందుకేనా అమ్మా?"

"కాదు పాపా. అడగమని చెప్పింది నేను."

నాలుగేళ్ల చిన్నవాణ్ణి కూడా దగ్గరికి పిలిచి ఇద్దరికీ చెప్పాను. "ఇంకమీద మనింటికి ఎవురొచ్చినా అడగొద్దండి. చెంబు నింపి చేతిలో పెట్టండి."

"నీళ్లయిపోతే?" అన్నాడు వాడు.

"అయిపోతే అయిపోనీ" అన్నాను.