పెద్దలు రాసిన ఇడాకుల కాగితం

నా మొదటి పెళ్లి రామకోవెల అరుగు మీద తెగిపోయిందనే అనుకున్నాను. ఆరేళ్ల కిందట, రావికమతం దగ్గర మా అత్తోరి ఊళ్లో పెద్దలు కూకుని స్టాంపు కాగితం మీద రాసేరు. నన్ను కట్టుకున్నోడు అప్పటికే ఖతార్లో ఉన్నాడు. పెళ్లయిన నాలుగో నెలకే పోయేడు, మరి రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తేవోడు కాదు. ఆ రోజు మాత్రం వీడియో కాల్లోకొచ్చి, "నాకిష్టమే" అన్నాడు. వాడి బదులు వాళ్లన్నయ్య సంతకం పెట్టేడు. నేను పుస్తెలు తీసి పెద్దల చేతిలో పెట్టేను. మా వేపు అందరూ అలాగే విడిపోతారు. కోర్టు మొహం చూసినోళ్లు లేరు.

ఏడాదికి చోడవరంలో మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఈయన పరవాడలో కంపెనీ పనికెళ్తాడు. మంచోడు, నా నోరు కూడా భరిస్తన్నాడు. మాకో ఆడగుంట, నాలుగేళ్లది.

ఈయన కంపెనీలో హెల్త్ కార్డుకి పెళ్లి సర్టిఫికెట్టు అడిగేరు. రిజిస్ట్రారాఫీసుకి పోయి, ధీమాగా పెద్దల కాగితం తీసి బల్ల మీద పెట్టేను. గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చెల్లదమ్మా. కోర్టిచ్చింది కావాలి. అప్పటిదాకా నువ్వు ఖతార్లో ఉన్నాయన భార్యవే" అన్నాడు. పక్కన ఈయన, ఈయన చంకలో గుంట. నాకు తల కొట్టేసినట్టయింది.

కోర్టులో ఇడాకులకి వెయ్యాలని లాయరమ్మ దగ్గరికి పోయేం. ఆవిడ అంతా విని, "రెండో పెళ్లి సంగతి కోర్టులో ఎత్తకు. మొదటిది తెగకుండా చేసుకున్నావని కేసు నీ మీదకే తిరుగుద్ది. అమ్మానాన్నల దగ్గరున్నావని, పిల్లల్లేరని అర్జీలో రాస్తాను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా కూతురు లేదని ఎలా సెప్పమంటారండీ?" అని గట్టిగానే అడిగేను.

"అయితే నిజం చెప్పు. తర్వాత ఏమైనా నన్నడక్కు" అంది.

మూడ్రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు పోయి సంతకం పెట్టేను.

ఖతార్లో వాడి అడ్రసు కావాలన్నారు. వాళ్లమ్మనడిగితే ఫోన్లోనే తిట్టిపోసింది. ఆఖరికి నేనే సిగ్గు చంపుకుని వాడికి మెసేజ్ పెట్టేను. "అప్పుడే రాసేసేం కదా, మళ్లీ ఏటీ గోల?" అని విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

వాయిదా రోజు వాడు స్క్రీన్ మీదకొచ్చేడు. జుట్టు పలచబడిపోయింది. వెనకాల ఒకదాని మీదొకటి ఇనప మంచాలు. నాకు గుంటుందని వాడికి తెలుసు. ఒక్క ముక్క అన్నాడంటే నా పని అయిపోయినట్టే.

"ఇప్పుడెక్కడుంటున్నావమ్మా? పిల్లలున్నారా?" అని జడ్జిగారు అడిగేరు.

"అమ్మానాన్నల దగ్గరండి. పిల్లల్లేరండి."

నా గొంతు వణకను కూడా లేదు. దానికే నా మీద నాకు అసహ్యమేసింది. వాడు తలొంచుకున్నాడు తప్ప ఏం మాట్లాడలేదు.

ఈయన్ని గుంటతో ఎదర టీ కొట్లో ఉండమన్నాను, గేటు దాకా రావద్దన్నాను. నేను బయటికొచ్చేసరికి గుంట ఈయన చెయ్యి విడిపించుకుని పరిగెత్తుకొచ్చి, నా చీర పట్టుకుంది. కోర్టు బంట్రోతు అక్కడే నిలబడి చూస్తన్నాడు.

"ఎవరమ్మా ఈ పాప?" అన్నాడు.

"తెలీదండి" అని, దాని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసేను.