చప్పుడుకు హద్దు

ఐలేశం ఎడమ అరచేతిని నోటి పక్కన దొప్పలా పెట్టుకుంటాడు. మెడ కొంచెం పైకెత్తుతాడు. పొద్దు వాలే వేళకు రోజూ చేసే పని అది. మీసం మొలవని నాటి నుంచీ కల్వకుర్తి పక్కనున్న రాళ్లగుట్ట మీద నిలబడి, అట్లా చెయ్యి పెట్టే మందను పిలిచాడు. గొంతు పోయాక కూడా చెయ్యి తన పని మానలేదు. చెయ్యి లేస్తుంది, నోరు తెరుచుకుంటుంది, పిలుపు రాదు. మెడ కింద కట్టిన పలుచటి నూలుగుడ్డ ఒకసారి ఉబ్బి మళ్లీ ఒంటికి అతుక్కుంటుంది.

గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో గడ్డతో పాటు మాటపెట్టెను కూడా తీసేశారు. ఊపిరి ఆడటానికి మెడ మీద రంధ్రం పెట్టారు. ప్రాణం నిలిచింది. మాటతో పాటు ఈల కూడా పోయిందని ఇంటికొచ్చాక గాని తెలియలేదు. పెదవులు సున్నా చుట్టినా వాటి దాకా గాలి రాదు. నాలుకతో చేసే టక్కుటక్కులూ, చప్పట్లూ మిగిలాయి. పక్కనున్న గొర్రెకు అవి చాలు. వాగు అవతల మేసే గొర్రెకు చాలవు.

అతని పిలుపు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కింద నుంచి మొదలై పైకి పోయి, అక్కడ కాస్త నిలిచి, మెట్లు దిగినట్టు రెండు విరుపులతో దిగేది. చెరువు దగ్గర మందలు కలిసిపోతే కాపరులు కొట్లాడుకోరు, లెక్కపెట్టుకోరు. తలా ఒక దిక్కున నిలబడి పిలుస్తారు. ఎవరి గొర్లు వారి గొంతుకు విడిపోతాయి. పిలిస్తే విడిపడి రాని మంద ఆ కాపరిది కాదంటారు.

ఎండలు ముదిరి గుట్ట మీద గడ్డి మాడిపోయింది. భార్య బక్కమ్మ తమ్ముడు ఎల్లస్వామి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతనికీ ఒక మంద ఉంది. ఏటా బావా బామ్మర్దులు రెండు మందలనూ తోలుకొని కాలువ కింది ఊళ్లకు పోతారు. అక్కడ యాసంగి వరి కోసిన మళ్లల్లో గొర్లకు మేత దొరుకుతుంది.

"బావా, హాలియా దిక్కు కోతలు షురూ అయినయి," అన్నాడు ఎల్లస్వామి. "ఈ ఏడు నీ మందను నా మందల కలిపేస్త. నువ్వు ఇంటికాడ కూసో. రోడ్డు మీద లారీ వస్తే హోయ్ అనెటోడు ఉండాలె గద."

మాటలో ఎగతాళి లేదు. అందుకే ఐలేశానికి తలెత్తబుద్ధి కాలేదు. గొర్లు ఒక ఏడు వేరే గొంతు వెంట నడిస్తే, తిరిగొచ్చాక ఆ గొంతువే అవుతాయి.

లోపలికి పోయి ఫోను తెచ్చాడు. ఆపరేషనుకు ముందు ఏడు, కాలేజీ సెలవులకు వచ్చిన కూతురు సుస్మిత అతని పిలుపును అందులో పట్టింది. హాస్టల్లో పిల్లలకు వినిపించి నవ్విస్తానన్నది, తర్వాత మరిచిపోయింది. అది అందులోనే ఉండిపోయింది. ఐలేశం దాన్ని నొక్కాడు. ఫోనులోంచి అతని గొంతు సన్నగా వచ్చి అరుగు దాటకముందే అణగిపోయింది.

"గిదేంది బావా, బాయిల పడ్డోని లెక్క పిలుస్తున్నవు," అన్నాడు ఎల్లస్వామి.

ఐలేశం చప్పుడు పెంచబోయాడు. ఎక్కువ చప్పుడు చెవులకు మంచిది కాదని తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. చప్పుడు దానంతటదే తగ్గింది.

ముందుగా ఉల్లిగడ్డలమ్మే గాలయ్య దగ్గర మైకు అడిగి తెచ్చారు. గుట్ట మీద మీట నొక్కగానే అది అలవాటు కొద్దీ "ఉల్లిగడ్డలూ, ఎర్రటి ఉల్లిగడ్డలూ" అని ఒక్క గావుకేక పెట్టింది. ఆ తర్వాత, దానికి ఆనించిన ఫోనులోంచి వచ్చిన ఐలేశం గొంతు రేకు మీద రాళ్లు దొర్లినట్టుంది. ఊరి కుక్కలన్నీ మొరిగాయి. చెదిరిన మందను కూడగట్టేసరికి చీకటి పడింది.

"గొర్లు రాలే గని, ముసలమ్మలు సంచులు పట్టుకొని వచ్చిన్రు," అంది బక్కమ్మ. నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది. "కల్వకుర్తిల పరశురాములున్నడు గద. ఫోన్లు ఇప్పుతడు. పోదాం పా."

పరశురాములు దుకాణం బస్టాండు ఎదురుగా ఉంటుంది. అతను ఫోనును చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.

"స్పీకరు మంచిగనే ఉన్నది కాకా. ఇంకా అరవగలదు. కంపెనోడే హద్దు పెట్టిండు, చెవులు ఖరాబైతయని."

"ఎవల చెవులు?" అంది బక్కమ్మ.

"కాకవే."

"గొర్లు గుట్ట మీద ఉంటె కాక చెవులకేమైతది?"

"గది కంపెనోనికేం తెలుసు చిన్నమ్మా. ఫోనంటే చెవికాడ పెట్టుకునేదని వాని లెక్క."

"కొన్నంక ఫోను మాది గాదా మరి?"

"ఫోను మీదే. తాళం వానిది."

ఆ తాళం తీయడానికి కంపెనీనే అడగాలన్నాడు. అడిగితే వారం ఆగమంటుంది. మనసు మారుతుందేమోనని చూస్తుందట. తాళం తీశాక చప్పుడుకు హద్దు ఉండదు. తెర వెలగకుండానే పక్క మీట నొక్కితే పిలుపు వచ్చేట్టు, మళ్లీ నొక్కితే ఆగేట్టు చేయొచ్చు. ఐలేశం తన వేళ్లు చూపించాడు. కట్టె పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్లు. తెర వాటిని ఎన్నడూ సరిగా గుర్తుపట్టలేదు. పక్క మీట అనగానే అతని మొహం విప్పారింది.

వారం గడిచాక మళ్లీ పోయారు. మెడకు కట్టుకునే నూలుగుడ్డ కొనడానికి బక్కమ్మ బజారులోకి పోయింది. పరశురాములు ఫోనుకు తీగ తగిలించి, ఆగి, తలెత్తాడు.

"కాకా, ఒక్క మాట. తాళం తీస్తే లోపలున్నదంత తుడుసుకపోతది. కంపెనోడు పెట్టిన షరతు అది. ఏమేం దాచాల్నో ఇప్పుడే చెప్పు."

ఐలేశం చూపుడువేలు ఒక్కటి ఎత్తాడు.

"పిలుపొక్కటేనా? ఫోటోలు, వీడియోలు ఏమొద్దా?"

ఆ వేలినే మళ్లీ చూపాడు. అతని తలలో అప్పుడు గుట్ట ఉంది, వాగు ఉంది, వాగు అవతల మంద ఉంది. మరొకటి లేదు.

పరశురాములు పిలుపును తన కంప్యూటరులో దాచి, తాళం తీసి, తిరిగి ఎక్కించాడు. ఫోను మేలుకుంటూనే తెర మీద ఏవో ఎర్రటి అక్షరాలు చూపింది.

"ఈ ఫోనును నమ్మొద్దని రాసిండు. తెరిసినప్పుడల్ల గట్లనే అంటది. కంపెనోని ఏడుపు గది, పట్టించుకోకు. బ్యాంకు యాపులు కూడ పనిచెయ్యవు మరి."

బ్యాంకు మాట విని ఐలేశం భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు. మీట నొక్కాడు.

దుకాణం గోడలు అదిరాయి. పిలుపు రోడ్డు దాటి బస్టాండులో పడింది. కదలబోతున్న బస్సులోంచి కండక్టరు తల బయటపెట్టి చూశాడు. ఐలేశం కూడా, ఎవరో తనను పిలిచినట్టు, వెనక్కి తిరిగి చూశాడు.

ఆ సాయంత్రం గుట్ట మీద ఎడమచెయ్యి నోటి పక్కన పెట్టి, కుడిచేత్తో మీట నొక్కాడు. వాగు అవతల గొర్ల తలలు లేచాయి. ముసలి గొర్రె ముందు కదిలింది. తర్వాత మందంతా దుమ్ము లేపుకుంటూ వాగు దాటి, గుట్టెక్కి, అతన్నీ దాటి, దొడ్డి వైపు పరుగెత్తింది. పిలుపు ముగియగానే మీట నొక్కి ఆపేశాడు. కళ్లు తుడుచుకోవడానికి కట్టెను చంకలో పెట్టుకోవలసి వచ్చింది.

"సరే బావా, నడువు," అన్నాడు ఎల్లస్వామి.

బువ్వ తిన్నాక బక్కమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. ఆమెది మీటల ఫోను, బొమ్మలు రావు. కాలువ దేశానికి పోయిన ప్రతి ఏడూ ఐలేశం అక్కడి వాటిని, తను మాట్లాడుతూ, ఫోనులో వీడియోలుగా పట్టుకొచ్చి ఆమెకు చూపేవాడు. ఇది కాలువ చూడు బక్కీ. గివి కొంగలు. ఈ గొర్రెపిల్లొక్కటే నా వెంట పడ్డది చూడు బక్కీ. హాలియా ఎట్లుంటుందో ఆమె వాటిల్లోనే చూసింది. అతని గొంతు పోయాక, పనులయ్యాక ఒక్కతే కూర్చొని వాటిని పెట్టుకునేది. కాలువ కోసం కాదు.

"కాలువయి ఏవి?" అంది.

ఐలేశం ఖాళీ అరచెయ్యి చూపాడు.

ఆమె ఫోనును ఆ చేతిలో పెట్టింది. "గొర్లను పిలిసింది దాసినవు. నన్ను పిలిసినయన్ని తుడిపిచ్చినవా?"

తిట్టలేదు. లేచి గిన్నెలు కడిగింది. మర్నాడు జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. మంద కదిలాక దొడ్డి తలుపుకు గొలుసు వేసి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

దేవరకొండ దాటారు, మల్లేపల్లి దాటారు. రోడ్డు మీద ఎల్లస్వామే హోయ్ అన్నాడు. హాలియా దగ్గర కాలువ కట్ట చేరేసరికి నేల రంగు మారింది. కోసిన వరి మళ్లు పచ్చి వాసన వేస్తున్నాయి. రెండు మందలూ ఒక్కసారే నీళ్ల మీద పడి కలిసిపోయాయి. ఎల్లస్వామి గొర్లకు ఒక రైతు మడి, ఐలేశం గొర్లకు కాలువకు అటుపక్క మరో రైతు మడి మాట్లాడి ఉంచారు. ఆ పూట మంద పెడితే ఎరువు వాళ్లది. పొద్దు వాలుతోంది. విడదీయాలి.

"ముందుగాల నువ్వే పిలువు బావా," అన్నాడు ఎల్లస్వామి, పక్కకు జరిగి.

ఐలేశం కట్ట మీద నిలబడ్డాడు. ఎడమచెయ్యి నోటి పక్కన పెట్టాడు. మీట నొక్కాడు.

పిలుపు మళ్ల మీదుగా దూరం దాకా పోయింది. గుట్టలు లేవు, ఆపేది లేదు. గొర్లు తలలెత్తాయి. అతనివి వచ్చాయి. వాటి వెనకే ఎల్లస్వామివి కూడా వచ్చాయి. తల్లిగొర్లన్నీ ఎగబడి ఐలేశం మోకాళ్ల చుట్టూ తోసుకున్నాయి. అరుస్తున్నాయి. అతని చెయ్యి వాసన చూస్తున్నాయి, పంచె ఎత్తి కింద వెతుకుతున్నాయి.

"నా గొర్లు గూడ నీకే వస్తున్నయి గదనే!" అని ఎల్లస్వామి నవ్వబోయి ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. "బావా, పిల్లలున్నయి దాంట్ల."

నిజమే. సుస్మిత పట్టిన నాడు వెనక దొడ్డిలో గొర్రెపిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి. చప్పుడుకు హద్దున్నప్పుడు అవి వినపడలేదు. హద్దు తీస్తే అతని గొంతుతో పాటు అవీ లేచాయి. ఆ పిల్లలు ఎన్నడో పెరిగి అంగళ్లకు పోయాయి. తల్లులకు ఆ లెక్క లేదు. మొన్న గుట్ట మీద మంద తనను దాటి దొడ్డి వైపు ఎందుకు పరుగెత్తిందో ఐలేశానికి ఇప్పుడు అర్థమైంది. పిలుపు పట్టిన నాడు ఆ దొడ్డిలో నిజంగానే పిల్లలున్నాయి.

ఆపుదామని మీట కోసం తడిమాడు. తోపులాటలో ఫోను చేతిలోంచి జారి గడ్డిలో పడింది. మోకాళ్ల మీద వంగి వెతుకుతుండగా పిలుపు ముగిసింది. తను ఎప్పుడూ ఆపేసే చోటు దాటి అది ముందుకు నడిచింది. పిల్లల అరుపులు, గిట్టల చప్పుడు, గాలి. వాటి కింద ఒక మాట. పిలుపు కాదు, మామూలు మాట.

"ఓ బక్కీ, తలుపు దియ్యే."

ఐలేశం మోకాళ్ల మీదే ఉండిపోయాడు. గొర్లు అతన్ని తోస్తూనే ఉన్నాయి.

తల్లిగొర్లు పడమటి దిక్కు తిరిగి చీకటి పడేదాకా అరిచాయి. ఎల్లస్వామి తన గొంతుతో రెండు మందలనూ ఒకే మడిలోకి తోలాడు. కొత్త గొంతుకు ఐలేశం గొర్లు కాసేపు తటపటాయించి, తర్వాత నడిచాయి. ఐలేశం వెనక నుంచి నాలుకతో టక్కుటక్కుమంటూ చివరి గొర్రెను లోపలికి పంపాడు. "రేపటి సంది నేను ముందల, నువ్వు ఎనక," అన్నాడు ఎల్లస్వామి మెల్లగా. ఐలేశం తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే మందకు దూరంగా కట్ట మీదికి పోయాడు. పోయే ముందు ఎల్లస్వామి ఫోను అడిగి తీసుకున్నాడు. బక్కమ్మకు కలిపి ఇమ్మని సైగ చేశాడు. ఆపరేషను అయ్యాక అతను ఎవరికీ ఫోను చేయలేదు.

"ఎల్లస్వామీ?" అంది అటు నుంచి బక్కమ్మ. "ఏందిరా గింత పొద్దున్నే? మీ బావ మంచిగున్నడా? మాట్లాడవేందిరా?"

ఐలేశం తన ఫోనును ఎల్లస్వామి ఫోను నోటికి ఆనించాడు. చప్పుడు తగ్గించాడు. పిలుపునూ పిల్లల అరుపులనూ దాటించి చివరికి జరిపాడు. ఆ జరపడం రాత్రే నేర్చుకున్నాడు. వేలు రెండుసార్లు తప్పింది. మూడోసారికి కుదిరింది.

"ఓ బక్కీ, తలుపు దియ్యే."

అతను ఎల్లస్వామి ఫోనును చెవికి పెట్టుకున్నాడు. ఆగాడు. కాలువ నీళ్లు పోతున్నాయి. తర్వాత అక్కడ, ఖాళీ దొడ్డి తలుపుకు వేసిన గొలుసు తీసిన చప్పుడు వినపడింది.