రాకెట్ దగ్గర ఎత్తిన చెయ్యి

2024 మే నెలలో కర్ణాటక చింతామణిలోని నా ఫోటో స్టూడియోకు తాళం వేసి లావోస్ వెళ్ళాను. దానికి కారణం కెంచార్లహళ్ళి నారాయణప్ప. పెద్దకూతురి పెళ్ళి ఆల్బమ్ చేతికిస్తే, నలుగురి ముందర "ఏమప్పా, అందరూ రేషన్ కార్డులో మాదిరి ఉండారే" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. చిన్నకూతురి పెళ్ళి పని కావాలంటే క్యాండిడ్ ఫోటోలు, అంటే మనిషిని నిలబెట్టకుండా తీసినవి, చూపించమన్నాడు.

తెలిసినవాళ్ళ టూర్‌లో ఒక సీటు మిగిలిందంటే చేరాను. లావోస్‌లో వానల కోసం వెదురు రాకెట్లు వదిలే పండుగ జరుగుతుంది. అక్కడ ఎవరినీ నిలబెట్టే వీలుండదని నా ధైర్యం.

డప్పులు, చీరకట్టులాంటి వేషాల్లో మగవాళ్ళ చిందులు. అన్నీ బాగానే తీస్తున్నాను. ఒక రాకెట్‌ను ఎత్తైన మంచె మీదికి ఎక్కించి, దాన్ని చేసిన జట్టు దూరంగా వచ్చి నిలబడింది. వరుస వంకరగా ఉంది. పెళ్ళిలో తాళి దగ్గర ఎవరి చెయ్యైనా అడ్డొస్తే, మంత్రాలు చదివే అయ్యవారిని ఆపి "మళ్ళీ ఒకసారి" అనడం మా వృత్తిలో మామూలు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? పెద్దాయనను మధ్యకు జరిపాను, పొడుగువాళ్ళను వెనక్కి పంపాను. ఒక్క నిమిషం ఆగమని మంచె మీద ఉన్నవాడికి చెయ్యి ఎత్తాను.

వాడు ఆ సైగ కోసమే కాచుకుని ఉన్నాడు. ఒత్తి అంటించాడు.

రాకెట్ బుసబుసమని పొగ కక్కింది కానీ కదల్లేదు. ఎగరని రాకెట్ జట్టును బురదలో వెయ్యడం అక్కడి ఆచారం. సైగ చేసింది నేను కాబట్టి నేనూ జట్టువాడినేనని గైడు నవ్వుతూ చెప్పాడు. తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో అభ్యంతరం చెప్పాను. నలుగురు ఎత్తారు. కెమెరాను పక్కనున్న ముసలామె చేతిలో పెట్టేంత వ్యవధే దొరికింది. అది బర్స్ట్ మోడ్‌లో ఉంది. మీట నొక్కి పట్టుకున్నంతసేపూ ఫోటోలు పడుతూనే ఉంటాయి. ఆమె వేలు తియ్యలేదు.

ఊరికి తిరిగొచ్చి చూపిస్తే, నారాయణప్ప నా ఫోటోలన్నీ చకచకా దాటించి ఒకదాని దగ్గర ఆగాడు. కాళ్ళు పైకి, ఫిర్యాదు మధ్యలో తెరుచుకున్న నోరు, నన్ను విసరబోయి తానే జారుతున్న పెద్దాయన. కళ్ళు తుడుచుకుంటూ భార్యను కూడా పిలిచాడు.

"ఇది తీసింది ఎవరప్పా?"

"అక్కడొక ముసలామె."

"ఆయమ్మ పెండ్లికి వస్తాదేమో అడుగు."

విమానం ఛార్జీ చెప్పాను. "సరే, నువ్వే రా. మా అయ్యవారిని మాత్రం ఆపొద్దు" అన్నాడు.

ఆ పెళ్ళిలో సరిగ్గా తాళి వేళకు మేనమామ మోచెయ్యి అడ్డొచ్చింది. "మళ్ళీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి, మీట మీద వేలు తియ్యకుండా నిలబడ్డాను. మోచేతి వెనకనుంచి తొంగిచూస్తూ నవ్విన పెళ్ళికూతురి ఫోటోనే ఇప్పుడు వాళ్ళ నడవలో ఉంది. జరుగుతున్నదాన్ని ఆపితే నాకు మిగిలేది వరుస ఒక్కటేనని అలా తెలిసింది.

ఫోటో బాగుందని నారాయణప్ప ఊరంతా చెప్పాడట. రేషన్ కార్డు మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. నేనూ కనిపెట్టుకునే ఉన్నాను.