బాబాయి తిట్లలో మొదటి మాట

మా బాబాయి ఏ మాటా ఉన్నదున్నట్టు చెప్పడు. చెప్పేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. కంపెనీలో కంప్యూటర్ల రహస్యాలు కాపాడే ఉద్యోగం. ఎవరైనా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి తెరకు అంటించుకుంటే ఆ అంతస్తంతా దద్దరిల్లేది.

"తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీస్తావా? దొంగకి కుర్చీ కూడా వెయ్యి!"

ఇంట్లోనూ అంతే.

"ఖాబీ!" అని అరిచేవాడు.

"ఖాబీ ఏంటండీ?" అనేది పిన్ని.

"ప్రతి అక్షరానికీ పక్క అక్షరం! కాఫీ! శత్రువులకి తెలియకూడదు!"

"కాఫీకి శత్రువులెవరండీ?"

"నువ్వు అరిచావుగా, ఇక అందరూ!"

పై వాటాలోకి ఒక జంట దిగాక ఆయన కోపానికి కొత్త దారి దొరికింది. ఆ భర్త పనికి వెళ్తూ భార్య ఫోను జేబులో వేసుకుని, తలుపుకు బయట తాళం పెట్టేవాడు. ఆ అమ్మాయి బాల్కనీలో బట్టలు ఆరేస్తే నీళ్లు మా కుండీల మీద పడేవి. బాబాయి రోజూ పైకి చూసి ఒకటే కేకలు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"అసలే ఆ పిల్ల కష్టంలో ఉంది. మీ ప్రతాపం ఆమె మీదేనా బాబాయ్?" అన్నాను.

కొరకొరా చూసి, మళ్లీ పైకి తిరిగి కేకలందుకున్నాడు.

ఆ ఆదివారం బాల్కనీలో ఆమె పక్కనే భర్త కూడా నిలబడి ఉన్నాడు. బాబాయి విరుచుకుపడ్డాడు.

"మీ బట్టల నీళ్లన్నీ మా నెత్తినా? అమ్మ నేర్పలేదా పిండి ఆరేయాలని? కింద మనుషులు బతకాలా వద్దా? ఉంది కదా డాబా, అక్కడ ఏడవండి! వెంటనే తియ్ ఆ దుప్పటి! రా, వచ్చి ఈ బురద నువ్వే కడుగు!"

భర్త విసుక్కున్నాడు. "వెళ్లి కడిగిరా. ఆ పిచ్చాయన నోరు మూయించు" అని తనే తలుపు తీశాడు.

ఆమె బకెట్‌తో దిగింది. బకెట్ మెట్ల మీద వదిలేసి గేటు దాటింది. అక్కడ కారులో వాళ్లమ్మ. తలుపు తీసి పట్టుకుని మా పిన్ని!

నేను నోరు తెరిచాను.

"నా తిట్లలో మొదటి మాటలు కలుపుకోరా, మొద్దూ!" అన్నాడు బాబాయి.

కలుపుకున్నాను. మీ అమ్మ కింద ఉంది, వెంటనే రా.

"ఖాబీ అంటే వాడికి అనుమానం రాదూ? తాళం కనిపిస్తే పగలగొట్టాలనిపిస్తుంది. అసలు పెట్టె అనేదే కనిపించకూడదు! తిట్లలో ఎవడు వెతుకుతాడు? వాడు లేనప్పుడు ఆ పిల్లకి బాల్కనీలోంచే కిటుకు చెప్పా. రోజూ తిట్టింది సాధన కోసంరా!"

ఇంతలో భర్త దిగి వచ్చాడు. "నా భార్య ఏది?"

"వాళ్లమ్మతో వెళ్లిపోయింది. పంపింది నేనే. ఇక రాదు!"

"కాస్త మెల్లగా మాట్లాడండి..."

"ఎందుకయ్యా మెల్లగా? ఇందులో రహస్యమేముందని?"

ఆ కేకకు మెట్ల పొడుగునా తలుపులన్నీ తెరుచుకున్నాయి.