మార్కు వెయ్యని మేడం

మా లెక్కల మేడం పోయారని మొన్న ఆదివారం పొద్దున బడి ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. "పెద్ద మేడం లేరంట సార్. చిక్కడపల్లిల ఇంటికాడనే ఉంచిండ్రు, జర జల్ది రండి" అంది. నేను వెళ్లేసరికే తీసుకెళ్లిపోయారు. ఎవరో వాకిట్లో నీళ్లు కొట్టి కడుగుతున్నారు.

నారాయణగూడలోని ఒక చిన్న ప్రైవేటు బడిలో స్టాఫ్ రూములో ఆమె పక్క కుర్చీలో మూడేళ్లు కూర్చున్నాను. మీలో కొందరు ఆమె దగ్గర చదివే ఉంటారు. సర్కారు ఉద్యోగ పరీక్షల కోసం ఊరి నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ, రెండుసార్లు తప్పి, ఇంటికి మొహం చూపించలేక ఆ బడిలో చేరాను. ఆరో తరగతికి లెక్కలు చెప్పమన్నారు. నోటుబుక్కులు దిద్దడమంటే ఇంటూలు కొట్టడమే అనుకునేవాణ్ణి.

మొదటి వారంలోనే ఆమె నా దొంతరలోంచి ఒక నోటుబుక్కు లాగి చూశారు. సగానికి సగం కలిపి ఒక అమ్మాయి 'రెండు బై నాలుగు' అని రాసింది. నేను కొట్టేసి సున్నా వేశాను.

"ఈ సున్నా చూసి పిల్ల ఏం చెయ్యాలి బాబూ?"

"తప్పని తెలుస్తది కద మేడం."

"తప్పని తెలుస్తుంది. ఎక్కడ తప్పిందో తెలీదుగా."

పెన్సిలు తీసుకుని సున్నా పక్కన రాశారు: 'సగం రొట్టెకి ఇంకో సగం కలిపితే నీకు మళ్లీ సగమే వచ్చింది. బొమ్మ గీసి చూడు.' మర్నాడు ఆ పిల్ల నిండు రొట్టె గీసుకొచ్చి చూపించింది.

ఆమె ముందు అలా ఒక మాట రాసేవారు. పిల్లలు సరిచేసుకొచ్చాకే మార్కు. మధ్యాహ్నం ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ, డబ్బాలో పెరుగన్నం ఎండిపోయేదాకా చదివేవారు. "వాళ్ల తప్పులు చూస్తేనే నేను ఏది సరిగ్గా చెప్పలేదో తెలుస్తుంది" అనేవారు. ఇవాళ ఒక తప్పు దగ్గర ఆగి ఆలోచించడం నాకు వచ్చిందంటే ఆమె చలవే.

తర్వాత యాజమాన్యం వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటించమంది. మేడం తన తరగతి ర్యాంకులు ఇవ్వలేదు. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. మీటింగు పెట్టి, అందరి ముందూ ప్రిన్సిపాల్ నన్ను అడిగారు.

"మీరు చెప్పండి. మార్కుల్లేకుండా పిల్లలు చదువుతారా?"

మేడం నా వైపు చూశారు. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు.

"చదవరు సార్" అన్నాను.

ఆ వారమే ఆమె దగ్గర్నుంచి పదో తరగతి తీసి నాకిచ్చారు. ఆ ఏడాది చివర ఆమె మానేశారు. ఆఖరి రోజు బల్ల సొరుగు ఖాళీ చేస్తూ, "మీరు నిజంగా అలా అనుకుని అంటే నాకేం లేదు బాబూ. అలా అనుకోకపోయినా అన్నారు. అదే బాధ" అన్నారు. ఆ తర్వాత కూరగాయలకని చిక్కడపల్లి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఆమె ఉండే సందులోకి మాత్రం ఒక్కసారీ తిరగలేదు.

ఆ ఆదివారం అక్కణ్ణుంచి వచ్చి, ఏడో తరగతి పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క మార్కు వెయ్యలేదు. ఒక్కొక్క దాని కింద ఒక వాక్యం రాశాను. సోమవారం పంచగానే మొదటి బెంచీ అమ్మాయి లేచొచ్చింది.

"సార్, మార్కులు వెయ్యలే."

"కింద రాసిన చూడు, చదువు."

"చదువుత సార్. ఎన్నొచ్చినయో చెప్పుండ్రి. ఇంట్ల మమ్మీ అడుగుతది."

ఆ అమ్మాయి వెనక అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. కాగితం తీసుకుని ఆరు వేశాను. పిల్ల మొహం తేటపడింది. బెంచీ దగ్గరికి పరుగెత్తి పక్కపిల్లకు చూపించింది. నేను రాసిన వాక్యం మీద ఆ అమ్మాయి బొటనవేలు ఉంది.