ఎత్తి రాయని నవల

ఆ దేశంలో దిగిన నాటికి ఆవిడకి ఇరవై ఆరేళ్లు. చంకలో రెండేళ్ల ఆడపిల్ల, చేతిలో ఒక పెట్టె. పక్కన మొగుడు లేడు. చచ్చాడో, వదిలేశాడో, తనే వదిలి వచ్చేసిందో ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ల నోరు మూయించే చూపు ఒకటుండేది లెండి, అది చాలు.

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది. కాలిపోయే దుప్పటి మిషన్లోంచి వస్తుంది, ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించి మడవాలి. ముప్ఫై నాలుగేళ్లు అదే పని. ప్రతి మూటకీ ఏ వార్డుదో రాసిన చీటీ కట్టి ఉంటుంది. మూట విప్పగానే చీటీ చెత్తబుట్టలో వెయ్యాలి. ఈవిడ మాత్రం వాటిని యూనిఫారం జేబులో కుక్కుకునేది. మిషన్ తిరిగే నలభై నిమిషాలూ గోడకి ఆనుకుని, చీటీ వెనక పెన్సిలుతో తెలుగులో గబగబా గీకేసేది. తోటి పనివాళ్లు 'రాతల పిచ్చిది' అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు! ఆ పిచ్చే ఆవిడని బతికించింది. పొద్దస్తమానం పరాయి భాషలో 'సరే, అలాగే' అంటూ బతికే మనిషి కడుపులో మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఇంటికొచ్చి, వంటయ్యాక, చీటీలన్నీ వరసగా పరుచుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుపుస్తకంలోకి ఎత్తి రాసేది. ఎత్తి రాయడం అయిందా, చీటీ ఇక చెత్తే. వాటిని కిందకి తీసుకెళ్లి వీధి తొట్టిలో పారబోసే డ్యూటీ కూతురిది. అలా రెండు కథల పుస్తకాలు తయారయ్యాయి. వదిలొచ్చిన దేశంలో ఒకాయన వాటిని అచ్చేశాడు. తల్లీకూతుళ్లు ఆయన్ని 'పుస్తకాలాయన' అనుకునేవాళ్లు.

ఇంతా చేస్తే, కూతురికి తెలుగు మాట్లాడ్డమే వచ్చు. చదవమంటే అక్షరమ్ముక్క రాదు. నేర్పబోతే బడిలో చదువుతోనే చస్తున్నానని విసుక్కుంది, తల్లి కూడా పోనీలే అని ఊరుకుంది. తప్పు ఇద్దరిదీనూ.

కానీ ఆ పిల్లని ఒకే ఒక్క ప్రశ్న తొలిచేసేది. "నాన్న ఏమయ్యాడమ్మా? మనం ఇక్కడికెందుకొచ్చేశాం?" పదేళ్లప్పుడు అడిగితే "పెద్దయ్యాక చెప్తా" అంది తల్లి. ఇరవై ఏళ్లప్పుడు అడిగితే "ముందు తిను, చల్లారిపోతోంది" అంది. ముప్ఫై దాటాక ఒకరోజు పెద్ద గొడవ పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు తల్లి "నోటితో చెప్పలేనే. నవల రాస్తున్నాను. మొత్తం అందులో ఉంటుంది" అంది. ఆ రోజు నుంచీ కూతురికి ఆ నవల తప్ప ఇంకేదీ అక్కర్లేకపోయింది. అందులో తన నాన్న ఉన్నాడు మరి.

తల్లి పోయింది. గుండె, ఒక్క పూటలో. గది వారంలోగా ఖాళీ చెయ్యాలన్నాడు ఇంటి యజమాని. కూతురు సెలవు పెట్టి వెళ్లి ఒక్కతే సర్దింది. మంచం కింద ఏడు నోటుపుస్తకాలు దొరికాయి. వాటిని గుండెలకి హత్తుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. బీరువాలో మూడు చెప్పుల డబ్బాల నిండా లాండ్రీ చీటీలు. "చెత్త కూడా దాచుకున్నావా అమ్మా! నేను రావట్లేదని పారబొయ్యడం మానేశావా?" అనుకుంది. చిన్నప్పటి డ్యూటీయే కదా, మూడు డబ్బాలూ కిందకి తీసుకెళ్లి తొట్టిలో గుమ్మరించింది. అరగంటలో లారీ వచ్చి ఎత్తుకుపోయింది.

నోటుపుస్తకాలు పుస్తకాలాయనకి పంపింది. పదో రోజున ఫోనొచ్చింది.

"అమ్మా, ఇవన్నీ పాత కథలే. అచ్చయిపోయినవే. నవలేదమ్మా?"

"అందులోనే ఉండాలండీ. ఇంకే నోటుపుస్తకాలూ లేవు."

"నోటుపుస్తకంలో కాదమ్మా. దుప్పట్లు విదిలించీ విదిలించీ రెండేళ్ల నుంచీ మీ అమ్మగారికి మణికట్టు పట్టేసింది కదా. ఎత్తి రాయడం నా వల్ల కాదు, చీటీలకే నంబర్లేసి పంపిస్తానన్నారు. ముగింపు కూడా రాసేశారట. ఆ చీటీలు జాగ్రత్తగానే ఉన్నాయా?"

తల్లి చేతికి గుడ్డ చుట్టుకోవడం కూతురు చూసింది. ఎందుకని అడగలేదు.

"ఉన్నాయా అమ్మా?"

"పారేశానండీ."

అవతల ఆయన "అయ్యయ్యో!" అన్నాడు. కూతురు ఆత్రంగా అడిగింది.

"అందులో ఏముందో మీకేమైనా చెప్పిందా? మా నాన్న గురించి... ఒక్క ముక్కైనా?"

"లేదు తల్లీ. ఎంత బతిమాలినా చెప్పలేదు. నెల కిందటే పంపెయ్యాల్సింది, ఆవిడే ఆపారు. 'మా పిల్లకి చదవడం రాదండీ. ముందు దాన్ని కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాలి, ఆ తర్వాతే మీకు' అన్నారు."

చచ్చిపోవాలనిపించింది ఆమెకి. నెల రోజులుగా తల్లి ఫోన్ చేసి ఒకటే పోరు: "ఒక్క పూట వచ్చి కూర్చోవే, నీతో పనుంది." పనంటే ఏ బల్బు మార్చడమో, ఏ ఫారం నింపడమో అనుకుంది. "ఆదివారం వస్తాలే అమ్మా" అంది. నాలుగు ఆదివారాలు గడిచిపోయాయి.

ఆ నాలుగు ఆదివారాలూ తను ఏం చేసిందో, ఎంత ఆలోచించినా ఆమెకి గుర్తు రాలేదు.