నవ్వులకు నాలుగు నిమిషాలు

మాస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. నాటకాలకు ఇంకా పదకొండు రోజులున్నాయి. కబురు వచ్చేసరికి నేను కమ్యూనిటీ హాలులో కుర్చీల వరసలకు చోటు కొలుస్తున్నాను. టేపు చుట్టి సంచిలో వేసుకుని, హాలుకు తాళం పెట్టి వాళ్లింటికి నడిచాను. ఆయన చొక్కా తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. జేబు నిండా వేరుశనగ తొక్కలు. రిహార్సల్లో పల్లీలు తింటూ తొక్కలు జేబులోనే వేసుకునేవారు, హాలు ఊడ్చే ఆమెకు పని పెరగకూడదని.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. బడిలో ఏనాడూ పాఠం చెప్పలేదు. మా కాలనీలో సగం మందికి స్టేజీ మీద నిలబడటం నేర్పారు కనుక మాస్టారయ్యారు. ఏటా రెండు సాయంత్రాలు, ఆరు చిన్న నాటకాలు. అన్నీ కొత్తవే కావాలి, ఎక్కడా ఆడి ఉండకూడదు. ఇరవై నిమిషాలు దాటకూడదు. సామాను ఒక్క ఆటోలో పట్టాలి. పేరున్న పాత నాటకమైతే జనం వస్తారు కదా అని ఎవరైనా అంటే, "పాతవాటికి సప్పట్లు ఎవులో కొట్టేసినారు. కొత్తవాటికి మనమే కొట్టాల" అనేవారు.

వచ్చిన ప్రతి నాటకాన్నీ నిలబడే చదివేవారు. కూచుని చదివితే అన్నీ బాగానే ఉంటాయట. కాళ్లు నొప్పి పుట్టిన చోట పెన్సిలుతో గీత పెట్టేవారు. రాసినవాళ్లు ఆ గీతలు చూసి ముందు చిన్నబుచ్చుకునేవారు, వారం పోయాక దిద్దుకుని తెచ్చేవారు.

నేను నాటకాల మనిషిని కాను. మావారి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఒకసారి రిహార్సల్‌కు మా మేడ అడగడానికి వచ్చిన మాస్టారు వంటింటి గోడ మీది క్యాలెండరు చూశారు. గ్యాసు బండ మార్చిన రోజు, మావారి ఎ, బి, సి షిఫ్టులు, పిల్లల పరీక్షలు, ఒక్కోటి ఒక్కో రంగులో రాసి ఉంటాయి. ఆయన మేడ సంగతి మర్చిపోయారు.

"ఏసాలేసేవోలు మాకు శానామంది ఉన్నారమ్మా. గడియారం సూసేవోలే నేరు. మీరొచ్చీండి" అన్నారు.

వెళ్లాను. ఎవరికి ఏ షిఫ్టు, ఏ పూట ఎవరు ఖాళీ, ఏ నాటకం చదివితే ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ పట్టిక వేశాను. ఇరవై నిమిషాలు కాగానే దీపాలు ఆర్పించే బాధ్యత కూడా నాదే. మొదటి ఏడు చక్కగా జరిగింది. రెండో ఏడు తప్పు చేశాను.

ఆ ఏడు ఒక నాటకం రాసినామెది పద్మనాభం అనే పల్లె. రోజూ బస్సులో వచ్చి ఒక క్యాంటీన్లో వంట చేసేది. తను రాసిన నాటకంలో తనే వేషం వేసింది. వంటావిడ రిటైరవుతుంటే ఆమెకు సన్మానం చేస్తారు, ఆ సన్మానానికి వంట కూడా ఆమే చేయాలి. అందరూ పొగుడుతూ తిని వెళ్లిపోయాక, ఖాళీ గిన్నెల మధ్య కూచుని ఆమె ఒక్క మాట అడుగుతుంది: "నాకెవులైనా వడ్డిత్తారా?"

చదివినప్పుడు పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. స్టేజీ మీద జనం విరగబడి నవ్వారు. నవ్వినప్పుడల్లా పాత్రధారులు ఆగాల్సి వచ్చింది. ఇరవై నిమిషాలు కాగానే నేను లైట్లతనికి చెయ్యి ఊపాను. ఆమె గిన్నెల మధ్య కూచోబోతుండగా దీపాలు ఆరిపోయాయి. అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

తెర వెనక ఆమె ముఖం తుడుచుకుంటూ, "ఆ ఒక్క మాట కోసమే నాను అదంతా రాసినాను. ఇంక నన్ను పిలవకండి" అని బస్సుకు వెళ్లిపోయింది.

 మాస్టారు నన్ను మర్నాడు పొద్దున్నే బస్టాండుకు రమ్మన్నారు. ఆనందపురంలో బస్సు మారి పద్మనాభం చేరాం. ఆమె బట్టలు ఆరేస్తోంది. మంచినీళ్లిచ్చింది గాని కూచోమనలేదు. క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, సంచిలోంచి పట్టిక తీసి, నా లెక్క సరిగ్గానే ఉందని చెప్పడం మొదలుపెట్టాను.

ఆమె కాగితం కేసి చూసింది. "మరి జనాలు నవ్వినారు కదమ్మా. అది ఏసుకోనేదేటి?"

 కాగితం మడిచేశాను. "లేదండీ. తప్పు నాదే" అన్నాను.

"ఆ కాగితం నానూ సూసినాను. నాకూ తోచనేదు" అన్నారు మాస్టారు.

ఆమె చేతిలోని చీర తీగ మీద పరిచి, అంచులు సరిచేసింది. "సివరి మాట ఒక్కటే అయితే రాను. మొత్తం మళ్లీ ఆడతాను" అంది.

"అయితే బేగి రా. బస్సుకి టైమయిపోతన్నాది" అన్నారాయన.

ఆ సాయంత్రం అదే మొదటి నాటకం. అవే చోట్ల మళ్లీ నవ్వారు. ఈసారి ఆ చివరి మాట అయ్యాకే లైట్లతనికి చెయ్యి ఊపాను. ఆ పూట ఇంట్లో, నాటకం చూసొచ్చిన మావారు అడక్కుండానే కంచాలు పెట్టారు. మర్నాడు ఆ సంగతి చెబితే మాస్టారు, "నాటకం పనిసేసినాదన్నమాట" అన్నారు.

అప్పటినుంచి నా పట్టికలో నవ్వులకని ఒక గడి ఉంది. నాటకానికి నాలుగు నిమిషాలు. ఏడుపు నాటకాలకు కూడా ఎందుకని నేనే ఒకసారి అడిగాను. "ఉంచండమ్మా. ఎక్కడ నవ్వుతారో మనకేటి తెలుసు" అన్నారు. పక్కాగా ఉండటం నాకు ముందే వచ్చు. అందులో మనుషులకు చోటు ఎక్కడ వదలాలో ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

మాస్టారు పోయిన మూడో రోజు కాలనీ సంఘం ప్రెసిడెంటు గారు వచ్చి, ఈ ఏడు మానేద్దామన్నారు. ఆరుగురు షిఫ్టులు మార్పించుకున్నారనీ, అవి మళ్లీ దొరకవనీ చెప్పాను. కొత్త నాటకాలను ఏడాది మూలన పడేస్తే అవి కొత్తవెలా అవుతాయని అడిగాను. మాస్టారి భార్యను అడిగితే, పదకొండో రోజు శుక్రవారంతో అయిపోతుంది, శనివారం ఆడించమన్నారు. ప్రెసిడెంటు గారు కుర్చీలు తను చూసుకుంటానన్నారు.

పద్మనాభం ఆమె ఫోన్ చేసింది. ఆమె కొత్త నాటకం ఈసారి ఉంది.

"ఆపేత్తన్నారా అమ్మా?"

"లేదండీ. శనివారం రెండోది మీదే. ఇరవై నాలుగు నిమిషాలు."

మొన్న శనివారం జరిగింది. ఈసారి కథంతా ఆమె రోజూ వచ్చే బస్సులోనే. నాలుగు కుర్చీలే బస్సు. కండక్టరు పాత్ర మాటకు హాలంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది. లైట్లతను నా వైపు చూశాడు. ఉండమన్నాను. స్టేజీ మీద ఆమె చెయ్యి పైకెత్తి, లేని కమ్మీని గట్టిగా పట్టుకుని, గతుకుల రోడ్డు మీద నిలబడ్డట్టే కొంచెం కొంచెం ఊగుతూ, మేం నవ్వడం అయ్యేదాకా ఆగింది.